పనికి నలుగురం, కోతకు పద్నాలుగు ఇళ్లు

ప్రశ్న: మేడమ్, మాది విశాఖలో మధురవాడ. మా లేఅవుట్‌లో అసోసియేషన్‌కి ఉన్న 300 గజాల ఖాళీ స్థలంలో 14 కుటుంబాలం కలిసి, మందులు వాడకుండా కూరగాయల తోట వేసి ఎనిమిది నెలలైంది. పనికి వచ్చేది నలుగురమే, వంకాయలు దిగేసరికి మాత్రం అందరూ సంచులతో వస్తారు. మొన్న జీవామృతం (పేడ, గోమూత్రం పులియబెట్టి చేసే ద్రవ ఎరువు) డ్రమ్ము వాసనొస్తోందని పక్క వీధి వాళ్లు గొడవపెట్టుకున్నారు. అది సద్దుమణిగేలోపే మాలోనే ఒక బాబాయి గారు వంగకు పురుగు పట్టిందని పురుగుమందు తెచ్చి కొట్టేశారు. ఇంకా ఇది సేంద్రియ తోటేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తప్పుకుందామనుకుంటున్నాను.

జవాబు: తప్పుకోకండమ్మా. ముందు వంకాయల సంగతి చూడండి, ఎందుకంటే అవి ఇళ్లలో పిల్లలు తినేవి. ఇప్పుడు మొక్కలకున్న కాయలన్నీ తెంపి పాతిపెట్టేయండి, కంపోస్టులో వేయొద్దు. మందు కొట్టాక ఎన్నాళ్లు కోయకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ గడువు దాటేదాకా ఆ మడి ముట్టుకోకండి. పక్కన తోటకూరో గోంగూరో ఉంటే దానికీ అదే లెక్క, మన ఊరి గాలికి తుంపర ఎంత దూరమైనా పోతుంది. ఇక సేంద్రియమేనా అంటే, సర్టిఫికెట్ కావాలనుకునే రైతులు కూరగాయల్లాంటి పంటలకు రెండేళ్లు నేలను మందుల్లేకుండా ఉంచాలి. మీరు అమ్మడం లేదు కనుక ఆ గొడవ మీకు లేదు, కానీ మందు కొట్టిన తేదీ తోట పుస్తకంలో రాయండి, అందరికీ చెప్పండి. దాచారంటే మాత్రం రేపు మీ కూర ఎవరూ నమ్మి తినరు.

బాబాయి గారిని నలుగురిలో నిలదీయకండి. మందు కొట్టొద్దని చెప్పి ఉంటారు, పురుగొస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పి ఉండరు. వంగలో మొవ్వు, కాయ తొలిచే పురుగు లోపల కూర్చుంటుంది, దానికి పైన ఏం కొట్టినా పెద్దగా అందదు. వాలిపోయిన మొవ్వులను పురుగున్న చోటుకి కాస్త కిందికి తుంచి, పుచ్చు కాయలతో కలిపి నాశనం చేయాలి, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టాలి. పొద్దున్నే తోట చుట్టూ తిరిగే అలవాటున్న పెద్దాయనకి ఇంతకంటే సరైన పని ఉండదు, ఆ బాధ్యత ఆయనకే అప్పగించండి.

జీవామృతం విషయంలో మీ లెక్కే తప్పింది. 200 లీటర్ల డ్రమ్ము ఎకరానికి, అంటే 4,840 గజాలకు. మీ 300 గజాలకు 12, 13 లీటర్లు చాలు! 20 లీటర్ల బకెట్‌లో 12 లీటర్ల నీళ్లు, 600 గ్రాముల పేడ, అర లీటరుకి కొంచెం పైన గోమూత్రం, బెల్లం, శనగపిండి 120 గ్రాముల చొప్పున, మీ తోట గట్టు మట్టి ఓ గుప్పెడు వేసి, నీడలో గోనెపట్టా కప్పి, రోజుకు రెండుసార్లు కలిపితే 48 గంటల్లో తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. అయినా ఇరుగుపొరుగు ఇబ్బంది పడితే ఘన జీవామృతం చేసుకోండి, ఎండిపోయిన పొడి కాబట్టి వాసన గొడవ ఉండదు.

అసలు చిక్కు కోత దగ్గరే ఉంది. మేం మా కాలనీలో పదకొండు ఇళ్ల వాళ్లం తోట వేసినప్పుడు మొదటి ఏడాది విడిపోబోయాం, అదీ రెండు ఆనపకాయల దగ్గర. విత్తనం వేసే ముందే పంపకం మాట్లాడుకోలేదు, అంతే. తర్వాత మడులను రెండు రకాలుగా విడదీశాం, మీకూ అదే చెబుతాను. ఇంటికి నాలుగు అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవున్న మడి ఒకటి (వెడల్పు అంతకు మించితే మధ్యకు చెయ్యందదు, మడి తొక్కాల్సి వస్తుంది). 14 ఇళ్లకు 560 చదరపు అడుగులు పోతాయి, మీ దగ్గర 2,700 ఉన్నాయి కాబట్టి దారులు, కంపోస్టు గుంట పోగా ఉమ్మడి మడులకు బోలెడు చోటు మిగులుతుంది. సొంత మడిలో పండింది వాళ్లదే. ఉమ్మడి కాయలు ఆదివారం పొద్దున ఒక్కసారే కోసి తూకం వేయండి. స్థలం అందరిదీ కనుక సగం అన్ని ఇళ్లకూ సమానం, మిగతా సగం ఆ వారం పుస్తకంలో పని గంటలు రాసిన వాళ్లకి. ఒంట్లో బాగాలేని వాళ్లకి, బాలింతలకి గంటలు అడగకండి, విత్తనాలు దాచడమో లెక్క రాయడమో చేయమనండి, అదీ పనే. సొంత మడి మూడు వారాలు ఎండబెట్టిన వాళ్లతో ఒకసారి మాట్లాడి, అప్పటికీ రాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేయండి, మొహమాటపడొద్దు.

ప్రశ్న: బీచ్ దగ్గర, పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంట్ వాళ్లం మేడ మీద ఉమ్మడిగా కుండీలు పెట్టాం. చిక్కుడు, బీన్స్ ఆకుల అంచులు మాడిపోతున్నాయి. ఎరువు తక్కువైందా?

జవాబు: ఎరువు కాదండీ, ఉప్పు అయ్యుంటుంది. సముద్రపు గాలి ఒకటి, బోరు నీళ్లు రెండోది. నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటే వాటిని మానేసి మున్సిపల్ నీళ్లో పట్టిన వాన నీళ్లో పోయండి, కుండీ అడుగు నుంచి కారేదాకా పోస్తే మట్టిలో పేరుకున్న ఉప్పు కొంత కడుక్కుపోతుంది. సముద్రం వైపు గ్రీన్ నెట్ కట్టి, పొద్దున్నే ఆకులు మంచినీళ్లతో కడగండి. బీన్స్ ఉప్పుకు అసలు ఆగవు, వాటి చోట పాలకూర వేసి చూడండి, బీన్స్ కుండీలు మేడ మెట్ల గది వెనక్కి, గాలి తగలని వైపుకి జరపండి.