ఆరు రోజులంటే అక్షరాలా ఆరు రోజులేనా? మా తాతయ్య, మామయ్యల వాదన నుంచి ఒక జవాబు

మీరు అడిగినది ఇది. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతున్నారు. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము. దాని మొదటి అధ్యాయంలో దేవుడు లోకాన్ని సృజించిన ఆరు దినాలను ఉన్నదున్నట్టుగా ఒప్పుకోవడం కష్టంగా ఉంది. మీ పాస్టరుగారేమో, "ఒక్క మాటను అలంకారం అన్నామంటే రేపు యేసు పునరుత్థానం కూడా అలంకారమే అంటారు" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు, దాని దగ్గరకు వస్తాను. ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాన్నగారి వైపువాళ్లు గుంటూరు లూథరన్లు. అమ్మ వైపువాళ్లు ఒంగోలు బాప్టిస్టులు. గుంటూరుకు 1842లో హేయర్ అనే మిషనరీ వచ్చినప్పటి నుంచీ అక్కడ లూథరన్ల వేళ్లు ఉన్నాయి. ఒంగోలు వాళ్లకు 1878 జూలై 3 ఉంది. ఆ ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు మామయ్య ఆ అంకె చెప్పకుండా భోజనానికి లేచేవారు కాదు.

నాకు పన్నెండో ఏడో, పదమూడో ఏడో. గుంటూరు గుడిలో బలిపీఠం ముందు తాతయ్య పక్కన నిలబడి ఉన్నాను. ప్రభువు బల్ల ఆచారంలో అయ్యగారు ఒకరి నాలుక మీద పెట్టబోయిన అప్పం జారి చాప మీద పడింది. పలచని తెల్లటి బిళ్ల, రూపాయి కాసంత. తాతయ్య వంగి, దాన్ని రెండు వేళ్లతో తీసి, అంటిన దుమ్ముతో సహా నోట్లో వేసుకున్నారు. గుడి అంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. బయటికి వచ్చాక, "మట్టి కదా తాతయ్యా" అన్నాను. "ప్రభువు శరీరంరా" అన్నారాయన, అంతే.

ఆ వేసవిలోనే ఒంగోలు వెళ్లాను. అక్కడ ఆరాధన అయ్యాక, ప్రభువు బల్లలో మిగిలిన రొట్టెముక్కలను అత్తయ్య పళ్లెంతో తెచ్చి వరండాలో మా పిల్లలందరికీ పంచింది. ద్రాక్షరసం మిగిలితే దానికోసం మేము కొట్టుకున్నాం కూడా. నేను అదిరిపోయి మామయ్యను అడిగాను. ఆయన నవ్వి, "యేసు నేనే ద్వారమును అన్నాడు. అంటే ఆయనకు గడియ, బందులు ఉంటాయా? నేను ద్రాక్షావల్లిని అన్నాడు. ఆకులు మొలుస్తాయా? ఇదీ అంతే, ఒక గుర్తు" అన్నారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఇదే మామయ్య ఆదికాండము దగ్గరకొచ్చేసరికి ఒక్క అడుగు కదిలేవారు కాదు. "అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను అని రాసి ఉంది, ఇంకేం కావాలి?" అనేవారు. అప్పం దగ్గర అంత పట్టుదలగా ఉన్న తాతయ్యేమో ఆరు దినాల మాట వస్తే తేలికగా, "సూర్యుణ్ణి చేసింది నాలుగో రోజు కదా, మొదటి మూడు రోజుల్నీ ఏ గడియారంతో కొలిచారో" అనేవారు. ఒకరు అక్షరం పట్టుకున్న చోట రెండోవారు అలంకారం చూశారు. ఇద్దరూ మాత్రం తాము బైబిలును "ఉన్నదున్నట్టు" నమ్ముతున్నామనే అనుకునేవారు.

ఈ తగాదా మా ఇంటిది మాత్రమే కాదని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో, లూథరన్లకు ఆ పేరు వచ్చిన సంస్కర్త లూథరు, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ కూర్చుని సరిగ్గా దీని మీదే వాదించుకున్నారు. లూథరు బల్ల మీద సుద్దముక్కతో "హోక్ ఎస్ట్ కోర్పుస్ మేఉమ్" అని లాటిన్‌లో రాసుకున్నాడు. "ఇది నా శరీరము" అని రొట్టె గురించి యేసు అన్న మాట. అందులోని "ఎస్ట్" ("అయి ఉన్నది") అనే క్రియకు "సూచిస్తుంది" అని అర్థమని జ్వింగ్లీ వాదన. లూథరు ఒప్పుకోలేదు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద ఏకీభవించి, ఈ ఒక్కదాని దగ్గర విడిపోయారు. తెలుగు బైబిలులో ఆ వాక్యం చూడండి: "ఇది నా శరీరము". క్రియే లేదు! దేని కోసం కోటలో అంత గొడవ జరిగిందో ఆ మాట మన భాషకు అవసరమే పడలేదు. యేసు మాట్లాడిన అరమాయిక్‌లో కూడా ఇలాంటి వాక్యాలకు క్రియ అక్కర్లేదు. తాతయ్య బతికి ఉండగా ఈ ముక్క నాకు తెలిసి ఉంటే బాగుండేది. ఆయన ఒప్పుకునేవారని కాదు, వాదన ఇంకో గంట సాగేది.

తాతయ్య అడిగిన గడియారం ప్రశ్న కూడా కొత్తది కాదు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ పండితుడు ఓరిగెన్ అడిగాడు: సూర్యచంద్రులు లేకుండా మొదటి మూడు దినాలు, వాటికి సాయంకాలం, ఉదయం ఎలా? డార్విన్ పుట్టడానికి పదిహేను శతాబ్దాల ముందు అన్నమాట. ఆ తరువాతి క్రైస్తవ పండితుడు అగస్టీను అయితే ఆదికాండముపై ఒక పెద్ద వ్యాఖ్యానం రాసి, దానికి "అక్షరార్థం" అనే పేరే పెట్టి, దేవుడు సమస్తాన్నీ ఒక్కసారే సృజించాడనీ, ఆ దినాలు మనం ఎరిగిన రోజుల్లాంటివి కావనీ అందులో చెప్పాడు. కాబట్టి మీ సందేహం కాలేజీలో అంటుకున్న జబ్బు అని ఎవరైనా అంటే నొచ్చుకోకండి. (ఓరిగెన్‌ను నేను గుడ్డిగా మెచ్చుకోవడం లేదు. కొన్నిచోట్ల ప్రతి గులకరాయికీ ఆత్మీయార్థం తీస్తాడు. మన ఉజ్జీవ కూటాల్లో దావీదు ఏరుకున్న ఐదు రాళ్లకు ఐదు అర్థాలు చెప్పే ప్రసంగికులు ఆయనకు దూరపు చుట్టాలే.)

అలంకారాన్ని బైబిలే గుర్తించిన చోట్లు ఉన్నాయి. అబ్రాహాము ఇంటి స్త్రీలైన హాగరు, శారాల కథ చెప్పి అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాసిన పత్రికలో "ఈ సంగతులు అలంకార రూపకముగా చెప్పబడియున్నవి" అని రాస్తాడు. యోహాను సువార్తలో మరీ తమాషా. అక్కడ అక్షరార్థం పట్టుకున్నవాళ్లు పదేపదే పొరబడతారు. తిరిగి పుట్టాలంటే తల్లి గర్భంలోకి మళ్లీ వెళ్లాలా అని నీకొదేము అడుగుతాడు. లాజరు నిద్రపోతున్నాడంటే, నిద్రపడితే బాగుపడతాడులే అంటారు శిష్యులు. చివరికి యేసు విడమరిచి, చనిపోయాడని చెప్పవలసి వచ్చింది. అలాగని మామయ్య వైపు పూర్తిగా మొగ్గలేను. అదే సువార్త ఆరో అధ్యాయంలో, నా శరీరం తినాలి అన్నప్పుడు చాలామంది శిష్యులు వెనక్కి వెళ్లిపోయారు. ఆయన వాళ్లను ఆపి "ఊరికే పోలికకు అన్నాను" అనలేదు. కాథలిక్కులు ఈ చోటును గట్టిగా పట్టుకుంటారు, నాకు వాళ్ల వాదన కాస్త బలంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ పాస్టరుగారి భయం. పౌలే దీనికి జవాబు. హాగరును అలంకారంగా చదివిన ఆ మనిషే కొరింథీయులకు రాసేటప్పుడు, క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థమే అన్నాడు. ఐదువందల మందికి పైగా ఆయనను చూశారనీ, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారనీ సాక్ష్యం చూపించాడు. అంటే, కావాలంటే వెళ్లి అడిగి రండి అన్నట్టే. అలంకారంగా చెప్పేవాడు సాక్షులను పిలవడు. ఒక చోట అలంకారం ఉందని ఒప్పుకున్నంత మాత్రాన అన్నిచోట్లా తలుపులు తెరుచుకోవు. ఆ వాక్యం ఎలాంటిదో, పాటో, ఉపమానమో, సాక్ష్యమో, ముందు అది చూడాలి. నిజానికి మీ పాస్టరుగారూ రోజూ చేసేది అదే. "పాములను ఎత్తి పట్టుకొందురు" అని మార్కు చివరి అధ్యాయంలో ఉంది. అమెరికాలోని అపలాచియన్ కొండల్లో కొన్ని సంఘాలు దాన్ని అక్షరాలా పాటిస్తాయి. ఆ పద్ధతిని వ్యాప్తి చేసిన జార్జ్ హెన్స్లీ 1955లో ఆరాధనలో పాము కాటు పడి చనిపోయాడు. మన పాస్టర్లెవరూ ఆదివారం నాగుపాముతో వేదిక ఎక్కరు కదా.

ఆయనతో మాట్లాడేటప్పుడు భూమి వయసుతో మొదలుపెట్టకండి. నేను అలా మొదలుపెట్టి మామయ్యతో రెండు నెలలు మాటల్లేకుండా ఉన్నాను. తరువాత ఇంకో దారి పట్టాను. ఆదికాండము ఒకటో అధ్యాయం, రెండో అధ్యాయం పక్కపక్కన పెట్టి పెన్సిలుతో గీతలు గీశాను. మొదటిదానిలో చెట్లు, తరువాత జంతువులు, చివర మనుషులు. రెండోదానిలో పొదలేవీ మొలవకముందే మనిషి, తరువాత తోట, ఆ తరువాత జంతువులు. ఆ గీతలు మామయ్యకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ముందుకూ వెనక్కూ తిప్పుతూ చాలాసేపు చదివారు. అత్తయ్య టీ తెచ్చింది, చల్లారిపోయింది. చివరికి తలెత్తి, "అయితే ఇది మోషేకు కనబడలేదంటావా?" అన్నారు.

ఆదికాండము రాసింది మోషే అని మావాళ్ల నమ్మకం. నన్ను మందలించడానికే అన్నారది. కనబడి ఉంటే రెండూ అలాగే ఎందుకు ఉంచాడు అన్నది నాకు రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. మామయ్య అడిగిన ఆ ప్రశ్న నా బైబిలులో ఆ పేజీ అంచున పెన్సిలుతో ఇప్పటికీ రాసి ఉంది.