ఓడతో పాటే మునిగిపోవాలన్న రూల్ ఉందా?

ప్రశ్న: 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ ఖుక్రీ కెప్టెన్ తప్పించుకునే వీలున్నా ఓడలోనే ఉండిపోయారట. అది నేవీ రూలా? ఆయన గురించి కాస్త చెప్పండి.

జవాబు: లేదండీ, కెప్టెన్ చనిపోవాలని ఏ రూలూ లేదు. మనుషుల్ని బయటపడేయడం మాత్రం ఆయన బాధ్యతే. మీరు అడుగుతున్నది కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించి. 1926లో గోరఖ్‌పూర్‌లో పుట్టారు, 1948 మే 1న నౌకాదళంలో అధికారిగా కమిషన్ పొందారు, లండన్‌లోని మన హైకమిషన్‌లో ఉప నౌకా సలహాదారుగా కూడా చేశారు.

డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ తీరానికి దూరంగా ఖుక్రీ జలాంతర్గాముల కోసం వెతుకుతూ ఉంటే పాకిస్తాన్ సబ్‌మెరైన్ హాంగోర్ వదిలిన టార్పిడో (నీళ్లలో దూసుకొచ్చి పేలే ఆయుధం) వచ్చి తగిలింది. నిమిషాల్లోనే ఓడ మునిగిపోయింది. కరెంటు పోయి, చీకట్లో, ఒరిగిపోతున్న డెక్ మీద మనుషులు ఎటు వెళ్లాలో తెలియక తడుముకుంటుంటే ఆయన దూకండి దూకండి అంటూ ఒక్కొక్కర్నీ పంపించారు. తన లైఫ్ జాకెట్ తీసి ఓ నావికుడికి ఇచ్చేశారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఇంకా కింద అంతమంది ఉండగా ఆయనకు కదలబుద్ధి కాలేదనే నేను నమ్ముతాను. ఆ రాత్రి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ తర్వాత ఆయనకు మహావీర్ చక్ర (యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే రెండో అత్యున్నత పతకం) ఇచ్చారు. డయ్యూ వెళ్తే సముద్రం ఒడ్డున ఖుక్రీ స్మారకం ఉంది, తప్పకుండా చూడండి.