పాత నేవీ ఆఫీసర్ల టోపీల్లో అసలుది ఏదో, నకిలీ ఏదో ఎలా తెలుస్తుంది?

ఇరవై ఏళ్లుగా నాకిదే పిచ్చి కాబట్టి చెబుతున్నా. టోపీని ముందునుంచి చూసి కొనేవాడు మోసపోతాడు. తిరగేసి లోపల చూడండి, అంతే.

లోపల చుట్టూ తోలు పట్టీ ఉంటుంది. ఎవరో నిజంగా పెట్టుకున్న టోపీ అయితే నుదురు తగిలేచోట ఆ తోలు చెమట తాగి నల్లబడి, నున్నగా ఉంటుంది. షూటింగులకి కుట్టినవాటికి రెక్సిన్ పట్టీ ఉంటుంది. అదీ కాక అమ్మేవాళ్లందరికీ తమ దగ్గరున్నది అడ్మిరల్‌గారిదే! అడ్మిరల్ టోపీకి కళ్లమీది నల్ల చూరు నిండా రెండు వరుసల బంగారు ఆకులుంటాయయ్యా అంటే వినరు.

తర్వాత బ్యాడ్జి. 1950 జనవరి 26 నుంచి మన నేవీకి కిరీటం పోయి మూడు సింహాలొచ్చాయి. కిరీటం ఉన్నా దాని పైభాగం చూడండి. గుమ్మటంలా గుండ్రంగా ఉంటే ఎలిజబెత్‌కి ముందు బ్రిటిష్ రాజుల కాలంది. మధ్యలో నొక్కుకుపోయినట్టుంటే ఎలిజబెత్ రాణి 1952లో గద్దెనెక్కాక వచ్చిన బ్రిటన్‌ది. అలాంటిది చూపించి "మన వైజాగ్ నేవీదే సార్" అంటే నవ్వేసి వచ్చేయండి.

నాకు గుండ్రటి కిరీటం ఉన్న టోపీ దొరికింది వైజాగ్ పూర్ణా మార్కెట్ వెనక ఓ పాత ఇనప సామాన్ల కొట్టులో. టోపీని వెల్లకిలా పెట్టి అందులో మేకులు పోసుకున్నాడు ఆయన. తెల్లబట్ట ఎప్పుడో పోయింది. చూరు మీద ఒక్క ఆకూ లేదు, అంటే ఏ లెఫ్టినెంటుదో. "ఏటి సేసుకుంటావు బాబూ దీన్ని?" అంటూనే మూడొందలు లాగాడు. మేకులు మాత్రం లెక్కపెట్టుకుని మరీ తీసుకున్నాడు.

ఇంటికి తెచ్చాక చేశానండీ అసలు వెధవపని. బ్యాడ్జి నల్లగా ఉంది కదా అని, అమ్మ దీపపు కుందులు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దాను. అది వెండి తీగ మీద బంగారు పూత. వెండి నల్లబడటం సహజం, రుద్దితే పూతే పోతుంది. రెండు నిమిషాల్లో బ్యాడ్జిలో లంగరు చుట్టూ ఉన్న బంగారు ఆకులు ఎడమవైపు తెల్లగా పళ్లికిలించాయి. తడికి వెనక నల్లగుడ్డ రంగు కారి తీగల్లోకి పాకింది. అప్పుడాపాను.

అందుకే చెబుతున్నా, ఏదీ తోమకండి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు. అసలు ఈ ఊళ్లో టోపీలకి దొంగల కంటే పెద్ద శత్రువు ఉప్పుగాలి. మా ఇల్లు బీచ్‌కి దగ్గరని చుట్టాలంతా కుళ్లుకుంటారు గానీ, వానాకాలం అల్మారా తెరిస్తే తోలు పట్టీల మీద తెల్లటి బూజు! హుద్‌హుద్ తుఫాను అప్పుడైతే కిటికీ అద్దాలు పగిలిపోతుంటే నేను టోపీల డబ్బాలు మంచం మీదికి ఎక్కిస్తున్నాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది, పిల్లల్ని తను ఒక్కతే పట్టుకుని కూర్చుందట.

ధర ఎంతుంటుందని కూడా అడిగారు. నేను ఇంతవరకూ ఒక్కటీ అమ్మలేదు, కాబట్టి నన్నడక్కండి.

ఆ లంగరు టోపీ ఇంకా ఉంది. దసరాకి ఇల్లు దులిపేటప్పుడల్లా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఒరే, సగమే తోమి వదిలేశావు, మిగతాది నేను తోమనా?" అంటుంది.