చుక్కల పటంపై క్వాంటైల్ గీతలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో క్వాంట్‌రెగ్ ప్యాకేజీతో వచ్చే ఎంగెల్ డేటాకు చుక్కల పటం గీశాను. ఆదాయం పెరిగేకొద్దీ చుక్కలు విసనకర్రలా విచ్చుకుంటున్నాయి. సగటు గీత ఒక్కటే చాలడం లేదు. 5, 50, 95 శాతాల క్వాంటైల్ గీతలు (అంటే దాదాపు అంత శాతం చుక్కలు కిందుండే గీతలు) ఎలా వేయాలి?

జవాబు: ఈ డేటాకు సగటు గీత నిజంగానే చాలదు. 235 బెల్జియం కార్మిక కుటుంబాల ఆదాయం, తిండి ఖర్చు ఇందులో ఉన్నాయి. సగటు గీత (లీస్ట్ స్క్వేర్స్ గీత) వాలు 0.485, మధ్యగతపు (50 శాతం) గీత వాలు 0.560. కుడి చివర దాదాపు 4,958 ఆదాయంతో ఒంటరిగా ఉన్న చుక్క మొదటి గీతను కిందికి లాగుతుంది. దాంతో ఆ గీత ఎడమవైపు, పేద కుటుంబాల దగ్గర, పైకి లేస్తుంది. ఆదాయం 400 దగ్గర అది తిండి ఖర్చు 342 అంటే, మధ్యగతపు గీత 306 అంటుంది.

పటాలు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీలో, చుక్కలు వేసే జియామ్_పాయింట్ తర్వాత జియామ్_క్వాంటైల్ పొరను కలిపి, క్వాంటైల్స్ దగ్గర సి(0.05, 0.5, 0.95) ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే 0.25, 0.5, 0.75 గీస్తుంది. 0.05 గీత వాలు 0.343, 0.95 గీతది 0.709: మీకు కనబడిన విసనకర్ర ఇదే. అయితే ఒకే కుటుంబం ఆదాయం పెరిగితే ఇలా ఖర్చు చేస్తుందని దీని అర్థం కాదు. ఒక్కో ఆదాయం దగ్గర ఖర్చులు ఎలా పరుచుకున్నాయో మాత్రమే ఇది చెబుతుంది. 0.01 గీత జోలికి వెళ్లకండి. 235లో ఒక శాతమంటే రెండు మూడు చుక్కలే, వాటిపై గీత నిలవదు.

ప్రశ్న: ఆ దూరపు చుక్కను వదిలేసి దగ్గరగా చూపిద్దామని ఎక్స్‌లిమ్ (అడ్డ అక్షానికి హద్దు) పెట్టాను. గీతల వాలే మారిపోయింది!

జవాబు: ఎక్స్‌లిమ్ హద్దు దాటిన చుక్కలను ముందే తీసేస్తుంది, మిగిలినవాటితో గీతల లెక్క మళ్లీ మొదలవుతుంది. బొమ్మను మాత్రమే దగ్గరకు తేవాలంటే కోఆర్డ్_కార్టీసియన్‌లో హద్దులు ఇవ్వండి. అడ్డ అక్షాన్ని లాగ్ కొలతలోకి మార్చే స్కేల్_ఎక్స్_లాగ్10తోనూ ఇదే తంటా: ముందు లాగ్ తీసి, ఆ తర్వాతే గీత కడుతుంది.

ప్రశ్న: రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. పైగా పరిష్కారం ఏకైకం కాకపోవచ్చని హెచ్చరిక వస్తోంది.

జవాబు: హెచ్చరికకు కంగారుపడొద్దు. చుక్కలు కొన్ని ఉండి, విలువలు పునరావృతమైతే, సమానంగా సరిపోయే గీతలు ఒకటికి మించి ఉండొచ్చు. దాటడం మాత్రం పట్టించుకోవలసిందే, ఎందుకంటే 5 శాతం హద్దు 95 శాతం హద్దుకు పైన ఉండడం అర్థంలేని మాట. ఒక్కో క్వాంటైల్‌ను విడిగా లెక్కించడమే కారణం. ఎంగెల్ డేటాలో 0.05 గీత 124.9 దగ్గర, 0.95 గీత 64.1 దగ్గర నిలువు అక్షాన్ని తాకుతాయి. ఆదాయం 166 దగ్గర కలుస్తాయి. కానీ డేటాలో అతి తక్కువ ఆదాయమే 377. జియామ్_క్వాంటైల్ డేటా ఉన్నంత మేరే గీస్తుంది కాబట్టి ఆ కలయిక కనబడదు. గీత గుణకాలు (వాలు, నిలువు అక్షాన్ని తాకే విలువ) తీసుకుని జియామ్_ఏబీలైన్‌తో గీస్తే, అక్షాన్ని సున్నా దాకా చాపినప్పుడు బయటపడుతుంది. మీ పటంలో చుక్కలున్న చోటే దాటుతుంటే, క్వాంటైల్స్ తగ్గించండి లేదా రెండు అక్షాలకూ లాగ్ తీసి మళ్లీ చూడండి.