చీరల మీద ఇష్టం ఉన్న అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. ఇంజినీరింగ్ వద్దు, ఫ్యాషన్ డిజైన్ చేస్తానంటోంది. చుట్టాలింట్లో పెళ్లయినా, పండగయినా చీరలు ఎంచేదీ, కుచ్చిళ్లు సర్దేదీ, పాత పట్టుచీరల మడతలు మార్చి దాచేదీ తనే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఏడాది స్టైలింగ్ డిప్లొమాకు 4 లక్షలు అడుగుతోంది. ఫ్యాషన్ డిజైన్, టెక్స్‌టైల్ డిజైన్‌లలో ఏది మేలు? ‘పిల్లను టైలరింగ్‌కు పంపారా’ అని నలుగురూ అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ చివరి వాక్యం. ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇదే భయంతో చాలామంది తల్లులు నన్ను అడుగుతారు. మీ అమ్మాయి ఎంచిన చీర కట్టుకుని మీరు వరలక్ష్మీ వ్రతం చేసుకుని ఉంటారు, పెళ్లిలో ఎవరో మెచ్చుకుంటే మురిసిపోయి ఉంటారు. అదే పని చదువుకుంటానంటే మాత్రం పరువు అడ్డొచ్చిందా? ఆ నలుగురూ ఆమె ఫీజు కట్టరు, నచ్చని ఉద్యోగంలో రేపు ఆమె పడే బాధా పంచుకోరు. టైలరింగ్‌ను చిన్నచూపు చూడటం కూడా మానండి. కొలత తప్పకుండా రవిక కత్తిరించే మాస్టర్ లేకపోతే ఎంత పేరున్న డిజైనర్‌కైనా పని సాగదు.

మీ అమ్మాయి చేతిలో ఉన్న నేర్పు ఏమిటో మీరు సరిగ్గా గమనించినట్టు లేదు. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు అని తడిమి చెప్పడం, పోచంపల్లి చీరను తిరగేసి అది నేసిందో ప్రింటు వేసిందో తేల్చడం అందరికీ రాదు. పోచంపల్లిది ఇక్కత్ నేత, అందులో నేయకముందే దారానికి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. గంటల తరబడి బతుకమ్మ ఆడాల్సిన అమ్మాయికి బరువైన కంచిపట్టు కాకుండా తేలికపాటి నారాయణపేట చీర సూచించడం కూడా ఇలాంటి నేర్పే. చీరల షోరూమ్‌లలో సరుకు ఎంచి కొనే విభాగాలకూ, సినిమా కాస్ట్యూమ్స్ పనికీ కావాల్సింది ఈ కన్నే.

చీరలు దాచే పనినైతే చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. మేలిమి జరీ అంటే పట్టుదారం మీద వెండి చుట్టి బంగారు పూత వేసినది. టెస్టెడ్ జరీలో వెండి బదులు రాగి ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ గీత వెంట జరీ తెగుతుంది, పట్టు చిరుగుతుంది. సెంటు నేరుగా పడినా, కలరా ఉండలు తగిలినా జరీ నల్లబడుతుంది. ఇది తెలియక పాడుచేసుకున్న చీరలు ప్రతి బీరువాలోనూ ఉంటాయి. రఫ్ఫు, రోలింగ్ (పట్టుచీర ముడతలు తీసి నునుపు చేయడం), చిరిగిన చీర నుంచి అంచు తీసి కొత్త బట్టకు వేయడం నమ్మకంగా చేసేవాళ్లు చిన్న ఊళ్లలో ఎంతమంది దొరుకుతారు? చదువుతో పాటు ఈ పని చేతికొస్తే ఆమెకు ఉపాధి ఉంటుంది.

ఇక ఆ 4 లక్షల డిప్లొమా. నాకు దాని మీద నమ్మకం లేదు. ఫోన్‌లో కనిపించే స్టైలిస్టుల జీవితం చూసి పిల్లలు ఆకర్షితులవుతున్నారు. చీర కట్టడం, పెళ్లికూతుర్ని తయారుచేయడం మర్యాదైన పనే, కానీ ముహూర్తాలున్నన్నాళ్లే గిరాకీ. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. గది అద్దె మాత్రం ఆగదు. బొటిక్ పెడితే మగ్గం వర్క్ చేసేవాళ్లకు ముందే డబ్బివ్వాలి, కస్టమర్ దగ్గర బాకీ వసూలు చేసుకోవాలి, పండగ ముందురోజు రవిక బిగుతైందని వచ్చినవాళ్లకు సమాధానం చెప్పాలి. ఏడాది కోర్సులో ఫొటోషూట్లు చేయించి, దారం గురించి నేర్పకుండా పంపిస్తే ఆమె వీటిని ఎలా తట్టుకుంటుంది? ఆ సంస్థకు వెళ్లి సర్టిఫికెట్‌కు ఎవరి గుర్తింపు ఉందో, నిరుడు చదివినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. రంగుల ల్యాబ్, మగ్గం చూపించమనండి. తడబడితే లేచి వచ్చేయండి.

మీరడిగిన పోలిక విషయానికొస్తే, ఫ్యాషన్ డిజైన్‌లో ప్రధానంగా దుస్తుల ఆకారం, కత్తిరింపు నేర్పుతారు. టెక్స్‌టైల్ డిజైన్‌లో దారం, రంగు, నేత, అద్దకం. మీ అమ్మాయి మనసు బట్ట మీదే ఉన్నట్టుంది, కాబట్టి నా ఓటు రెండోదానికే. హైదరాబాద్ మాదాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో రెండూ ఉన్నాయి. లెక్కలు ఇష్టమైతే అక్కడే దుస్తుల ఉత్పత్తికి సంబంధించిన బీఎఫ్‌టెక్ డిగ్రీ కూడా ఉంది. చేనేతలోకే వెళ్లాలనుకుంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట, హైదరాబాద్‌లో 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట మొదలైన చేనేత సాంకేతిక సంస్థలు ఉన్నాయి. వీటి ప్రవేశ పరీక్షల వివరాలు మీకు తెలిసే ఉంటాయి.

ఎంపీసీ వృథా అవుతుందన్న దిగులు కూడా వద్దు. మీ పాత ఉమ్మడి జిల్లాకే చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి ఆసు (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని) పోయలేక చేతినొప్పితో పడే అవస్థ చూసి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బట్టను ప్రేమించేవాళ్లకు లెక్కలూ యంత్రాలూ తెలిసుంటే మరీ మంచిది. మొదటి ప్రయత్నంలో సీటు రాకపోయినా మునిగిపోయేదేమీ లేదు. ఏదైనా డిగ్రీలో చేరి, మంచి మాస్టర్ దగ్గర కుట్టు నేర్చుకుంటూ మళ్లీ రాయవచ్చు.

ఈ నెలలోనే ఒకరోజు ఆమెతో పోచంపల్లి, పుట్టపాక వెళ్లి రండి. చిటికి కట్టడం (డిజైన్ కోసం రంగు అంటకూడని చోట దారానికి ముడులు వేయడం) నుంచి చీర మగ్గం దిగేదాకా చూడనివ్వండి, నేతన్నలతో ఆమెనే మాట్లాడనివ్వండి. ఇంటికొచ్చాక కూడా ఆమెకు మోడలింగ్, ఫొటోలే కావాలనిపిస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు వేరే దారి ఆలోచిద్దాం. అప్పటిదాకా ఆ సంస్థకు అడ్వాన్సు కట్టకండి.