పక్షులను గుర్తుపట్టే గైడు పుస్తకాల్లో ఫోటోలకు బదులు ఇంకా ఎక్కువగా బొమ్మలే ఎందుకు వేస్తారు?

ఒక జాతిని గుర్తుపట్టడానికి కావాల్సిన ఆనవాళ్లన్నీ ఒకేచోట చూపించడం ఫోటో కంటే బొమ్మకే బాగా సాధ్యం, అందుకే.

ఫోటోలో దొరికేది ఒక్క పక్షి, ఒక్క క్షణం, అప్పటి వెలుతురు. నీడ పడితే రంగు మారుతుంది, కొమ్మ అడ్డొస్తే కాళ్లు కనిపించవు. చిత్రకారుడు చాలా పక్షులను పరిశీలించి, అన్నిటిలోనూ ఉండే లక్షణాలను ఒక్క బొమ్మలోకి తెస్తాడు.

హైదరాబాద్ చెరువుల దగ్గర ఎప్పుడూ కనిపించే గుడ్డికొంగనే తీసుకోండి. గట్టున కూర్చున్నప్పుడు అది బురద రంగు చారలతో మట్టిలో కలిసిపోతుంది. ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి, ఇది వేరే పక్షేమో అనిపిస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఈ మూడు రూపాలనూ ఒకే పేజీలో, ఒకే కొలతలో, ఒకే వెలుతురులో పక్కపక్కన పెట్టగలిగేది బొమ్మే. కొత్తగా పక్షులను చూసేవాళ్లకు ఇది ఎంత మేలో చెప్పలేం.

బొమ్మ అంటే చిత్రకారుడి ఊహ అని చాలామంది పొరబడతారు. నిజానికి మ్యూజియంలో భద్రపరిచిన పక్షి చర్మాలను ముందు పెట్టుకుని, ముక్కు పొడవు, రెక్కల ఈకల అమరిక కొలిచి గీస్తారు. 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి చేసిన పక్షుల సర్వేలోనూ అలాంటి నమూనాలే సేకరించారు. అంత శ్రద్ధగా గీసిన బొమ్మకు కాలదోషం పట్టదు: 17వ శతాబ్దంలో జహంగీర్ కొలువులో ఉస్తాద్ మన్సూర్ గీసిన సైబీరియా కొంగను ఈ రోజుకీ చూడగానే ఏ జాతో చెప్పవచ్చు.