క్లౌడ్ మార్చాక పెద్ద ఫైళ్ల ఈట్యాగ్‌లు కలవడం లేదు, పాత అకౌంట్ మూసేయవచ్చా?

ఇప్పుడే మూసేయకండి.

మీరు రాసినదాన్ని బట్టి, ఆర్‌క్లోన్ (క్లౌడ్‌ల మధ్య ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్)తో 2 టీబీ బ్యాకప్‌ని ఒక ఎస్3 (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) తరహా స్టోరేజ్ నుంచి ఇంకోదానికి మార్చారు. చిన్న ఫైళ్లు సరిపోయాయి. పెద్ద వీడియోలకు మాత్రం రెండు వైపులా ఈట్యాగ్‌లు, అంటే ఒక్కో ఫైల్‌కి స్టోరేజ్ ఇచ్చే గుర్తింపు కోడ్‌లు, వేరుగా వస్తున్నాయి. ఇంకొన్ని పాత ఫైళ్లు ‘ఇన్వాలిడ్ ఆబ్జెక్ట్ స్టేట్’ అనే ఎర్రర్‌తో అసలు కాపీయే కాలేదు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. రెండూ నేను పడ్డవే.

రాజమండ్రిలో మా బావగారి ఫొటో స్టూడియో బ్యాకప్‌లు నేనే చూస్తాను. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు కలిపి 1.6 టీబీ. ఈట్యాగ్‌లు కలవకపోయేసరికి డేటా పాడైపోయిందని టెన్షన్ పడి, రెండు రాత్రులు కూర్చుని పెద్ద ఫైళ్లన్నీ మళ్లీ కాపీ చేశాను. మళ్లీ అదే తేడా! పైగా పాత క్లౌడ్ నుంచి డేటా బయటికి తీసినందుకు రెండోసారి కూడా చార్జీ పడింది. మీరు ఆ పని చేయకండి.

సంగతి ఏమిటంటే, పెద్ద ఫైల్ ముక్కలుగా అప్‌లోడ్ అవుతుంది. అలాంటప్పుడు ఈట్యాగ్ అనేది మొత్తం ఫైల్ ఎండీ5 (లోపలి డేటాని బట్టి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) కాదు. ఒక్కో ముక్క ఎండీ5 తీసి, వాటన్నిటినీ కలిపి మళ్లీ తీసిన ఎండీ5. చివర ఒక గీత, ఆ పక్కన ముక్కల సంఖ్య ఉంటాయి, మీ లిస్టులో చూడండి. మొదట అప్‌లోడ్ చేసిన టూల్ 8 ఎంబీ ముక్కలు చేసి, ఆర్‌క్లోన్ 5 ఎంబీ ముక్కలు చేస్తే, లోపల ఒక్క బైటు కూడా మారకపోయినా ఈట్యాగ్ మారిపోతుంది.

మరి ఫైల్ బాగుందని తెలిసేదెలా? ఆర్‌క్లోన్ చెక్ కమాండ్‌కి డౌన్‌లోడ్ ఆప్షన్ ఇస్తే రెండు వైపుల ఫైళ్లనూ చదివి పోలుస్తుంది. కానీ రెండు క్లౌడ్‌ల మధ్య అలా చేస్తే పాత చోట మళ్లీ చార్జీ పడుతుంది. మీ దగ్గర హార్డ్ డిస్క్‌లో ఒరిజినల్స్ ఉంటే, ఆ డిస్క్‌నీ కొత్త క్లౌడ్‌నీ పోల్చండి. నేను అలాగే చేశాను, అన్నీ సరిపోయాయి.

ఇక రెండో ఎర్రర్. ఆ ఫైళ్లు ఆర్కైవ్ క్లాస్‌లోకి, అంటే వెంటనే చదవడానికి వీల్లేని చవక స్టోరేజ్‌లోకి, వెళ్లిపోయి ఉంటాయి. నా విషయంలో, 90 రోజులు దాటినవి ఆర్కైవ్‌కి పోవాలని ఎప్పుడో నేనే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టి మర్చిపోయాను. వాటిని ముందు రీస్టోర్ అడగాలి. క్లాస్‌ని బట్టి కొన్ని గంటలు పడుతుంది, బాగా లోతైన ఆర్కైవ్ అయితే రెండు రోజులు కూడా పట్టవచ్చు. రీస్టోర్ అయిన కాపీ మీరు అడిగినన్ని రోజులే ఉంటుంది కాబట్టి, అన్నీ ఒకేసారి అడగకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ అడగండి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద 2 టీబీ దిగడానికే దాదాపు 45 గంటలు పడుతుంది, మీ ఇంటి నెట్ ఎంతో చూసుకుని రోజులు అడగండి. అలాగే ఆర్‌క్లోన్‌లో సింక్ కమాండ్ వాడకండి, కాపీ కమాండ్ వాడండి. పాత చోట ఎవరైనా పొరపాటున ఏదైనా డిలీట్ చేస్తే సింక్ కొత్త చోట కూడా తీసేస్తుంది.

మీరు అడగలేదు గానీ, నన్ను నిజంగా భయపెట్టింది వేరే ఉంది. అన్నీ అయ్యాక వేరే ల్యాప్‌టాప్‌లో ఒక పెళ్లి ఫోల్డర్ తెరిచి చూద్దామని కూర్చుంటే ఒక్క ఫైల్ పేరు కూడా కనిపించలేదు. బ్యాకప్ ఆర్‌క్లోన్ క్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. పాస్‌వర్డ్ రాసి పెట్టుకున్నాను గానీ, దానికి తోడుగా ఇచ్చిన రెండో పాస్‌వర్డ్, అంటే సాల్ట్, పాత ల్యాప్‌టాప్‌లో ఆర్‌క్లోన్ తన సెట్టింగులు దాచుకునే కాన్ఫిగ్ ఫైల్‌లో తప్ప ఎక్కడా లేదు. ఆ ల్యాప్‌టాప్ అమ్మడానికి బేరం కుదిరి ఉంది! అది కూడా పోయుంటే ఎనిమిదేళ్ల పెళ్లిళ్లు ఎవరూ తెరవలేని ఫైళ్లుగా మిగిలేవి. మీది కూడా ఎన్‌క్రిప్ట్ చేసిందైతే ఇవాళే ఆ కాన్ఫిగ్ ఫైల్ రెండు చోట్ల దాచండి. ఎక్కడుందో ‘ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ ఫైల్’ అనే కమాండ్ చూపిస్తుంది.

వేరే మెషీన్‌లో కనీసం ఒక పెద్ద వీడియో, ఆర్కైవ్ నుంచి తెచ్చిన ఒక ఫైల్ దింపి, ప్లే చేసి చూశాకే పాత అకౌంట్ సంగతి ఆలోచించండి. రీస్టోర్ పూర్తయ్యాక కూడా అదే ఎర్రర్ వస్తే, ఆ ఫైల్ స్టోరేజ్ క్లాస్ ఏమిటో ఇక్కడ రాయండి, చూస్తాను.